కదలని రెండు చోట్లు

జూన్ 1, ఆదివారం

పనుల ఆఫీసు వాళ్ళకి ఉన్నట్టుండి జ్ఞానోదయమైంది. వచ్చే నెల నుంచి అక్కా వాళ్ళ ఇంటి వెనక పగిలిన గోడకి నేను వారం వారం తీసే ఫొటోల్లో లెన్స్ వివరాలు కూడా ఉండాలని ఉత్తరం పంపారు. ఏ లెన్స్, ఎంత దూరం, ఫోకస్ ఎక్కడ, అన్నీ ఫొటోతోపాటే నమోదై రావాలట. ఏ లెన్స్ వాడతానో నెలాఖరులోగా రాసివ్వాలి.

నాన్న లెన్స్ అవేమీ చెప్పదు. అది ఫిల్ము కాలం నాటిది. మధ్యలో ఒక అడాప్టర్ రింగు పెట్టి ఈ కాలపు మిర్రర్‌లెస్ కెమెరాకి తగిలించుకున్నాను. కెమెరాకీ దానికీ మాటల్లేవు. నా ఎడమ చెయ్యి తిప్పితే ఫోకస్ అవుతుంది, తిప్పకపోతే లేదు. నాన్న స్టూడియో నడిపినన్నాళ్ళూ అంతే, నేను నడుపుతున్నన్నాళ్ళూ అంతే.

ఉత్తరం పట్టుకుని షాపు బాబాయి దగ్గరికి వెళ్ళాను. నాన్న స్నేహితుడు. నాన్న పోయాక కెమెరాల విషయంలో నాకు ఆయనే పెద్దదిక్కు. అద్దాల బీరువాలోంచి కొత్త లెన్స్ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది నీ కెమెరా కోసమే పుట్టిందమ్మా. కన్నకొడుకు లాంటిది, చెప్పకముందే పని చేసేస్తుంది. మీ నాన్నది ఇల్లరికపు అల్లుడు. ఎంత బుద్ధిమంతుడైనా మధ్యలో ఆ రింగు ఉండాల్సిందే."

"అల్లుడే నయం బాబాయ్. అడిగిన దాకా నోరెత్తడు."

ఆయన నా కెమెరా తీసుకుని నాన్న లెన్స్‌ని అటూ ఇటూ కదిపాడు. రింగు దగ్గర చిన్నగా టిక్కుమంది.

"ఇది ఆడుతోందే!"

"రెండేళ్ళుగా ఆడుతోంది. నేను సరిపెట్టుకుంటున్నాగా."

నెలాఖరు దాకా కొత్తది వాడి చూసి, రెండిట్లో ఏది కావాలో నన్నే తేల్చుకోమన్నాడు. తెచ్చుకున్నాను. బరువు లేదు. బరువు లేని లెన్స్‌ని నేను అంత తొందరగా నమ్మను.

సరిపెట్టుకోవడం పెద్ద విద్యేమీ కాదు. రింగు ఆడటం వల్ల పగులు ప్రతివారం నూలుపోగంత పెద్దగా పడుతుంది ఫొటోలో. కంప్యూటర్లో పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెడితే "కదలని రెండు చోట్లు చూపించండి" అంటుంది. రెండు చుక్కలు పెడితే కొత్తదాన్ని పాతదాని కొలతకి తెచ్చేస్తుంది. నున్నటి కాంక్రీటు గోడ మీద చుక్క పెట్టడానికి ఇంకేముంది కనక? పగులు పై కొస మీద ఒకటి, కింది కొస మీద ఒకటి పెడతాను. అర నిమిషం పని.

జూన్ 2

ఇవాళ పెట్టె సర్దుతుంటే మొదటి రిపోర్టు బయటపడింది. అక్కా వాళ్ళ ఆరిళ్ళ వరస వెనక ఆ గోడకి నాలుగడుగుల పగులు కనిపించిన రోజు అది. ఇరవై అడుగుల గోడ, దాని నెత్తిన రోడ్డు, రోడ్డు మీద బస్సులు. ఆరిళ్ళవాళ్ళూ సామాన్లు కట్టేసుకున్నారు. పనుల ఆఫీసు ఇంజనీరు పగులుకి అడ్డంగా సన్నటి గాజు పలక అతికించాడు, గోడ కదిలితే పలక విరుగుతుందని. పిల్లలు మూడో రోజే బంతితో దాన్ని విరగ్గొట్టారు. అప్పుడే ఫొటోల ఆలోచన వచ్చింది. పగులు అక్క డాబాకి సరిగ్గా ఎదురు. ఫొటోలు తీసే చెల్లెలు అక్కకే ఉంది.

అక్క ఇంటింటికీ తిరిగింది. "ప్రతి శుక్రవారం మా చెల్లి చూస్తుంది. అది చూశాక మీకేం భయం?" అని కట్టిన మూటలన్నీ విప్పించింది.

నూట మూడు శుక్రవారాలు. నూట మూడు సార్లు "మార్పు లేదు" అని రాశాను.

జూన్ 6, శుక్రవారం

రెండు లెన్సులూ తీసుకుని వెళ్ళాను. అక్క కుట్టుమిషను దగ్గర, బావగారు వెనక గదిలో రేడియో దగ్గర. ఎవరి సింహాసనం వాళ్ళది.

"ఏం మరదలా, గోడ ఏమన్నా పాస్‌పోర్టుకి పెట్టుకుందా ఇన్ని ఫొటోలు?" అన్నారు బావగారు. ఈ జోకుకి రెండేళ్ళు నిండాయి. ముప్పై ఏళ్ళు ఆ పై రోడ్డు మీద బస్సు నడిపిన మనిషి. మోకాళ్ళు పోయాయి కానీ నోరు పోలేదు.

అక్క డాబా మీదికి నా వెనకే బట్టల బుట్టతో వచ్చింది. డాబా స్తంభం నుంచి గోడలో దిగ్గొట్టిన కొక్కెం దాకా ఒక ఇనుప తీగ ఉంది, బట్టలు ఆరేసుకోవడానికి. అది మళ్ళీ జారిందట.

"మొన్నేగా బిగించాను. తడి దుప్పటి వేస్తే నేలకి ఆనుతోంది చూడు." స్తంభం దగ్గర ముడి విప్పి, లాగి, మళ్ళీ కట్టింది. ముడి అవతల తీగ కొస పొడుగ్గా వేలాడుతోంది.

"నీ ముళ్ళు అంతే, నీ కుట్లు లాగే."

"నా కుట్లు విప్పినవాడు లేడు ఇంతవరకు. నువ్వు నీ గోడ చూసుకో."

డాబా నేల మీద ట్రైపాడ్ కాళ్ళ కోసం వేసిన మూడు పెయింటు చుక్కలు ఇంకా చక్కగానే ఉన్నాయి. ముందు నాన్న లెన్స్‌తో తీశాను. తర్వాత కొత్తది. అది నా చెయ్యి పడకముందే చిన్నగా కుయ్యిమని పగులుని పట్టేసుకుంది. నాకు నచ్చలేదు. నన్నడక్కుండా చూడ్డం ఏమిటి?

ఇంటికొచ్చి కొత్తదాంతో తీసింది తెరిచాను. కన్నకొడుక్కి సరిపెట్టే పని ఉండదంటాడుగా బాబాయి, అందుకని చుక్కలు పెట్టకుండా పాత రిపోర్టు ఫొటో పక్కన పెట్టాను. పగులు పైకి చాలా దూరం పోయింది. నాలుగడుగులది అయిదున్నర అడుగులుగా కనిపిస్తోంది. కొత్త లెన్స్ పెద్దది చేసి చూపిస్తోందన్నమాట.

చుక్కలు పెట్టాను. పొల్లుపోకుండా సరిపోయింది. మార్పు లేదు.

గోడలో నీళ్ళ గొట్టం ఒకటుంది, వెనక మట్టిలో చేరిన వాన నీరు బయటికి పోవడానికి. సరిపెట్టిన ఫొటోలో దాని నోరు చిన్నదిగా అనిపించింది. నాచు పట్టి ఉంటుంది.

జూన్ 7

నాచే.

జూన్ 9, సోమవారం

షాపుకి వెళ్ళి బాబాయితో పోట్లాడాను. మీ కన్నకొడుకు అతిశయోక్తులు చెబుతున్నాడన్నాను. ఆయన నవ్వలేదు. షాపులో టైల్సు గోడ ముందు స్టాండు పెట్టి రెండు లెన్సులతోనూ తీశాడు. ఒకదాని మీద ఒకటి వేసి చూపించాడు. టైలుకి టైలు సరిపోయింది. వెంట్రుక తేడా ఉంటే ఉంది, అంతే.

"రెండూ ఒకటే చెబుతున్నాయమ్మా. ఒకటి వెంటనే చెబుతుంది, ఒకటి నెమ్మదిగా చెబుతుంది."

"రింగు ఆడుతోందన్నారుగా."

"ఆడితే ఫొటో పక్కకి జరుగుతుంది, మసకబారుతుంది. మూరెడు సాగుతుందా ఎక్కడన్నా?"

టైల్సు రెండు గజాల దూరంలో ఉన్నాయి. గోడ పది గజాలు. దూరానికి తేడా వస్తుంది. ఈ మాట అనబోయి ఊరుకున్నాను. ఆయన నలభై ఏళ్ళుగా లెన్సులు అమ్ముతున్నాడు.

జూన్ 10

రింగే. కొత్త రింగు వేయిస్తే సరిపోతుంది.

జూన్ 13, శుక్రవారం

నిన్నటి నుంచి ఒకటే వాన. అక్క గొడుగు పట్టింది, కెమెరా మీద. నా మీద కాదు. నాన్న లెన్స్ ఒక్కటే తెచ్చాను. కొత్తది వానలో తడపడం ఎందుకు, అరువు సొత్తు.

ఫోకస్ తిప్పుతుంటే గొట్టం మీదికి పోయింది కన్ను. పొడిగా ఉంది. పక్కనున్న మురుగు కాలవ పొంగుతోంది, పై రోడ్డు మీద నీళ్ళు నిలిచి బస్సులు చిమ్ముకుంటూ పోతున్నాయి, గోడలో గొట్టం మాత్రం పొడిగా ఉంది.

"నిరుటి వానల్లో ఇది కారేదిగా?" అన్నాను.

"ఆ, బకెట్ పెట్టి మొక్కలకి పోసేదాన్ని. ఈ ఏడు చుక్క లేదు. పోనీలే, అడుసు తప్పింది."

కిందికి దిగితే బావగారు వెనక తలుపుతో కుస్తీ పడుతున్నారు. చెక్క వానకి ఉబ్బి గడియ పడటం లేదట. భుజంతో నెట్టారు, పడింది.

"గోడ ఎలా ఉంది మరదలా?"

"మీకంటే గట్టిగా ఉంది," అన్నాను.

ఆయన పెద్దగా నవ్వారు. ఆ నవ్వు విని పక్కింటివాళ్ళు కూడా "ఏమీ లేదటా?" అని ప్రహరీ మీద నుంచి అడిగారు. "ఏమీ లేదట!" అని అక్క అరిచి చెప్పింది. ఆ మాట ఆరో ఇంట్లో టీచరమ్మ దాకా ఒకరి నోటి నుంచి ఒకరి నోటికి పోవడం నేను చెప్పులేసుకుంటూ విన్నాను.

నూట అయిదు. చుక్కలు పెట్టాను. మార్పు లేదు.

జూన్ 14

ఇంజనీరు గారే ఫోన్ చేశారు. లెన్స్ సంగతి ఏం తేల్చారు మేడమ్ అని.

"ఇప్పుడు లెన్స్ మారిస్తే రెండేళ్ళ ఫొటోలతో పోల్చడం కుదరదేమోనండి," అన్నాను.

"అదీ నిజమే. మార్పు లేదని ఇన్నాళ్ళ రికార్డుంది. దాన్ని చెడగొట్టుకోవడం ఎందుకు? పాతదే ఉంచుతానని రాసివ్వండి, వివరాలు నేను చేత్తో రాయించుకుంటాను."

ప్రాణం లేచొచ్చింది. కొత్త లెన్స్‌ని పెట్టెలో పెట్టేశాను. సోమవారం తిరిగిచ్చేస్తాను. నాన్న ఉంటే సంతోషించేవాడు.

జూన్ 16, సోమవారం

కొత్త లెన్స్ తిరిగివ్వలేదు.

పొద్దున్న ఎందుకో నెలకొకటి చొప్పున రిపోర్టు ఫొటోలు అచ్చు తీసి స్టూడియో నేల మీద వరసగా పరిచాను. ఇరవై నాలుగు. పగులు అన్నిట్లోనూ ఒకటే పొడవు. స్కేలు పెట్టి చూశాను, ఒకటే. నా చేతి పనితనానికి నాకే ముచ్చటేసింది.

గొట్టం నోరు మొదటి ఫొటోలో కమలాపండంత ఉంది. పన్నెండో ఫొటోలో అంతకంటే చిన్నది. ఇరవై నాలుగో ఫొటోలో నిమ్మకాయంత ఉంది.

గొట్టం ఇనుపది. చిన్నదవదు.

జూన్ 17

ఏమీ రాయను.

జూన్ 18, బుధవారం

రాయకపోతే ఊపిరాడేలా లేదు.

కదలని రెండు చోట్లు చూపించమంటే కదిలే రెండు చోట్లు చూపించాను. ప్రతివారం పగులు పెరిగింది. ప్రతివారం నేను దాన్ని పోయిన వారం కొలతకి కుదించాను. దాంతోపాటు గోడా, గొట్టమూ అన్నీ కుంచించుకుపోయాయి. నేను పగులు ఒక్కటే చూశాను కాబట్టి నాకు కనపడలేదు. లెన్స్‌ది తప్పు కాదు. రింగుది తప్పు కాదు. ఆడలేక మద్దెల ఓడంటారే, అదీ నా కథ.

సరిపెట్టని ఫొటోలు డిస్కులో అన్నీ ఉన్నాయి. నిన్నంతా అవే చూశాను. నాన్న లెన్స్ మొదటి వారం నుంచీ ఉన్నదున్నట్టే చూపించింది. కొత్తదీ అదే చూపించింది. నిజానికి అవి రెండూ ఎప్పుడూ తగువు పడలేదు. మధ్యలో దూరింది నేను.

వెంటనే అక్కకి చెప్పాలి. చెబితే ఏమంటుంది? ఆరిళ్ళవాళ్ళు ఏమంటారు? మూటలు విప్పించింది అక్క. అక్క మాట వాళ్ళు విన్నది నా వల్ల. ఇంజనీరు గారి ఉద్యోగం ఏమవుతుంది? నా స్టూడియో ముందు బోర్డు మీద నాన్న పేరుంది.

ఒక పని చేస్తాను. శుక్రవారం కొత్త లెన్స్‌తో ఇంకొక్క ఫొటో తీస్తాను. ఆరో తారీకుదాంతో పోలుస్తాను. ఈ రెండు వారాల్లో పెరగలేదనుకో, అప్పుడు తొందరేమీ లేదు, నిదానంగా చెప్పుకోవచ్చు. పెరిగిందనుకో, అప్పుడే చెబుతాను. ఎటూ రెండు రోజులేగా.

వాన తగ్గింది. అదొకటి మంచిది.

జూన్ 20, శుక్రవారం

రెండు వారాల్లో జానెడు పెరిగింది.

డాబా మీదే, కెమెరా వెనక తెరలోనే పోల్చి చూశాను. చుక్కల్లేవు, సరిపెట్టడాల్లేవు. అక్క పక్కనే ఉంది. తీగ మళ్ళీ జారిందని ముడి విప్పుతోంది.

"అక్కా, ఈ తీగ మొదట కట్టినప్పుడు కొస ఎంత వదిలావు?"

"బెత్తెడు. ఎందుకు?"

"ఇప్పుడు కొలువు."

మెడలో ఉన్న టేపు తీసి, వేలాడుతున్న కొసని కొలిచింది. మళ్ళీ కొలిచింది. కుట్టుపని చేసే మనిషి, ఒకసారి కొలిస్తే రెండోసారి కొలిచే అలవాటు లేదు తనకి. ఇనుప తీగ సాగదని నేను చెప్పనక్కర్లేదు. కొక్కెం వైపు చూసింది, గోడ వైపు చూసింది.

"చిట్టీ, గోడ మన వైపు వచ్చిందా?"

అప్పుడు చెప్పి ఉండాల్సింది. నోట్లో మాట తయారుగా ఉంది.

"కొత్త లెన్స్‌లో కొంచెం తేడా కనిపిస్తోంది," అన్నాను. "లెన్స్ వల్ల కూడా అయ్యుండొచ్చు. ఇంజనీరు గారిని రమ్మంటాను. అప్పటిదాకా వెనక గదిలో పడుకోకండి."

"వెళ్ళిపోమంటావా? నిజం చెప్పు. నువ్వు వెళ్ళమంటే ఇప్పుడే వెళతాను."

"ముందు ఆయన్ని చూడనీ."

నేను రాసింది నేనే చదువుకుంటుంటే చెంప మీద కొట్టుకోవాలనిపిస్తోంది. కన్నకొడుకు మీద పెట్టేశాను నింద.

ఇంజనీరు గారికి కూడా అదే చెప్పాను. కొత్త లెన్స్‌లో తేడా వస్తోందని. "లెన్స్ మారింది కదా మేడమ్, ఉంటుంది. సోమవారం వచ్చి చూస్తాను," అన్నారు. అంతకంటే ఏమంటారు? నేను చెప్పిన దానికి అదే సరైన జవాబు.

బావగారు వెనక గదిలోంచి కదలనన్నారట. "నూట అయిదు సార్లు ఏమీ లేదంది. నూట ఆరోసారి లెన్స్ మార్చింది. లెన్స్ మారిస్తే గోడ కూలుతుందా?" అన్నారట. అక్క ఫోన్లో నవ్వబోయి నవ్వలేకపోయింది.

జూన్ 21

వాన మళ్ళీ పట్టుకుంది. రెండుసార్లు ఫోన్ చేశాను. గోడ అలాగే ఉందట.

జూన్ 22, ఆదివారం

ఆఫీసుకి ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. బల్ల మీద రెండు లెన్సులూ పెట్టుకున్నాను. పాతదని రాయాలో, కొత్తదని రాయాలో కాదు, అసలు సంగతి రాయాలి. ఈ పేజీలో చిత్తు రాసుకుని తర్వాత ఎత్తి రాస్తాను.

అయ్యా, గత రెండేళ్ళుగా నేను పంపిన ఫొటోలు

ఫోన్ మోగుతోంది. అక్క.

జూన్ 30, సోమవారం

ఎడమ చెయ్యి భుజం దాకా కట్టు. కుడి చెయ్యి బాగానే ఉంది కాబట్టి రాస్తున్నాను.

అక్క ఆ రోజు ఫోన్లో చెప్పింది ఒక్క ముక్కే. గొట్టంలోంచి బురద వస్తోంది. నీళ్ళు కాదు, చిక్కటి బురద, ధారగా.

"బయటికి వచ్చేయండి! అందరూ! ఇప్పుడే!"

"ముందు నువ్వొచ్చి ఒకసారి ఫొటో తీసి చూడు. బావగారు నువ్వు చూసి చెబితేనే కదులుతానంటున్నారు."

అప్పుడు చెప్పాను. రెండేళ్ళుగా ఫొటోలు నేనే కుదించానని, పగులు ఒక్కవారం కూడా ఆగలేదని. రేడియో వినబడుతోంది. తర్వాత అక్క ఫోన్ పెట్టేసింది.

ఇంజనీరు గారికి మెట్లు దిగుతూ చెప్పాను. ఈసారి లెన్స్ ఊసెత్తలేదు. ఆయన "పై రోడ్డు మూయిస్తున్నాను, మీరు ఇళ్ళు ఖాళీ చేయించండి," అన్నారు. అది మాత్రం ఆయన్ని మెచ్చుకోవాలి. తిట్టడానికి ఒక్క నిమిషం కూడా తీసుకోలేదు. తిట్లు మొన్న ఆసుపత్రికి వచ్చి తిట్టారు.

నాలుగు వీధులు పరిగెత్తాను. వరస మొదట్లోకి వచ్చేసరికి జనం గుమ్మాల్లో నిలబడి ఉన్నారు, పోవాలా ఉండాలా తెలియక. నేను ఏదో అరుస్తూనే ఉన్నాను కానీ వానలో ఎవరికీ ఏమీ వినబడలేదట. అక్క వీధిలోకి వచ్చేసి ఉంది. మెడలో టేపు అలాగే ఉంది. బావగారు లోపలే.

వెనక గదిలోకి వెళ్ళేసరికి ఆయన తలుపు మూయడానికి చూస్తున్నారు, బురద లోపలికి రాకుండా. నన్ను చూసి, "కెమెరా ఏది?" అన్నారు.

"తేలేదు బావగారూ."

ఆయన మొహం మారిపోయింది. చెయ్యి నా భుజం మీద వేశారు. ఇద్దరం ముందు గది దాటేసరికి వెనక తలుపు దానంతటదే లోపలికి వచ్చింది, చట్రంతో సహా. ఆయన్ని ముందుకి తోశాను. నా ఎడమ చెయ్యి గుమ్మానికీ ఇనుప బీరువాకీ మధ్య ఉండిపోయింది. శబ్దం నాకు గుర్తు లేదు. రేడియో ఆగిపోవడం గుర్తుంది.

ఆరిళ్ళ వెనక గదులూ వంటిళ్ళూ పోయాయి. మనుషులెవరూ పోలేదు. ఈ వాక్యాన్ని ఈ వారంలో ఎన్నిసార్లు నాలో నేను అనుకున్నానో లెక్క లేదు. రెండు రోజుల ముందే చెప్పి ఉంటే ఎవరూ పరిగెత్తాల్సిన పని కూడా ఉండేది కాదు. ఈ వాక్యం కూడా అంతేసార్లు అనుకున్నాను.

నిన్న ఆరో ఇంటి టీచరమ్మ చూడ్డానికి వచ్చింది. కోపంగానే వచ్చింది, ఉండాల్సిందే. కాసేపు కూర్చుని, వెళ్ళబోతూ చెప్పింది.

"మీ అక్క వచ్చి తలుపులు బాదితే మేం కదల్లేదు. అదెప్పుడూ కంగారు మనిషే అనుకున్నాం. నువ్వు వట్టి చేతులతో పరిగెత్తుకొస్తుంటే చూశాం. రెండేళ్ళలో నిన్ను కెమెరా లేకుండా ఎప్పుడూ చూడలేదు. అప్పుడు దిగాం వీధిలోకి."

డాక్టరు రెండు వేళ్ళు ఇక తిరగవన్నాడు. నాన్న లెన్స్‌కి ఆ వేళ్ళే కావాలి. షాపు బాబాయి కొత్తదాన్ని వెనక్కి తీసుకోనన్నాడు, ఉంచుకోమన్నాడు. ఏది వాడాలో తేల్చుకునే బాధ తప్పింది.

ఇవాళ అక్క వచ్చింది. ఎనిమిది రోజుల తర్వాత. మంచం పక్కన నిలబడింది, కూర్చోలేదు. బావగారు ఎలా ఉన్నారంటే బాగున్నారంది. అన్నం తిన్నావా అంటే తిన్నానంది. నా కట్టు వైపు చూసింది, కిటికీ వైపు చూసింది.

"రెండేళ్ళు నా డాబా మీద నుంచే చూశావు," అంది. "ఒక్కరోజు కిందికి దిగి ఆ గోడ మీద చెయ్యి పెట్టలేదు కదే చిట్టీ."

తను చేతిసంచిలోంచి చుట్ట చుట్టిన ఇనుప తీగ తీసి నా పక్కన పెట్టింది. ముళ్ళ దగ్గర వంపులు ఇంకా అలాగే ఉన్నాయి. విచారణ వాళ్ళకి చూపించమంది. వెళ్ళిపోయింది. మళ్ళీ వస్తానని అనలేదు.

విచారణ బుధవారం. సరిపెట్టని ఫొటోలన్నీ వరసగా పెట్టాను, తీగతో సహా. నూట ఆరు కాగితాలు మళ్ళీ రాయాలి. మొదటి వారం నుంచి మొదలుపెట్టాను. ఇప్పటికి పదకొండు అయ్యాయి.

మార్పు ఉంది. మార్పు ఉంది. మార్పు ఉంది.